నాపబండలు, ముగ్గురాయి, పాత ఇనుముతో మోగే ఇన్‌స్టలేషన్: బరువు లెక్క నుంచి బిగింపు దాకా

"బండలతో, తుక్కు ఇనుముతో ఏదైనా నిలబెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్ళు ముందుగా చూపించేది ఫోన్‌లో ఒక బొమ్మ. బొమ్మ బాగానే ఉంటుంది. "దీని బరువెంత?" అంటే మాత్రం జవాబు రాదు.

మాది తాడిపత్రి. ఊరు దాటితే రోడ్డు పక్కన పాలిష్ ఫ్యాక్టరీల అంచు ముక్కలు గుట్టలు గుట్టలు. ముడిసరుకుకు ఎప్పుడూ కొదవ లేదు, తప్పంతా వరుసలోనే జరుగుతుంది. అందుకే ఇక్కడ పది రకాల పనులు చెప్పడం లేదు. ఒకే పనిని మొదటి నుంచి చివరిదాకా చెబుతున్నాను.

పని ఇది: 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు పైపు చట్రం. దానికి ముందు వరుసలో 9, వెనక వరుసలో 9 నాపబండ పట్టీలు వేలాడతాయి. కింద ట్రేలో ముగ్గురాయి, అంటే బెరైటీస్. కర్రతో తడితే పట్టీలు మోగుతాయి. మీ ఆకారం వేరైనా పని వరుస ఇదే.

## 1. చోటు చూడకుండా గీత గీయొద్దు

ఎక్కడ నిలబెడతారో అక్కడికి ఒకసారి పొద్దున, ఒకసారి మిట్టమధ్యాహ్నం వెళ్ళండి. నల్ల బండ, ఇనుము రెండూ ఎండకు కాలిపోతాయి. పిల్లలు ముట్టుకునే చోటైతే మధ్యాహ్నం నీడ పడే వైపు కావాలి.

తర్వాత నేల. ఎర్రమట్టి, మొరం నేలైతే గట్టిగా దిమ్మిస చేసి, పైన 4 అంగుళాల కాంక్రీటు వేస్తే సరిపోతుంది. నల్లరేగడి అయితే అలా కుదరదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన ఉన్న దిమ్మె ఒక పక్కకు ఒరుగుతుంది. కర్నూలు, కడప వైపు రేగడి నేలల్లో ఆ మట్టిని తీసేసి, మొరం నింపి, తడిపి దిమ్మిస చేసిన తర్వాతే కాంక్రీటు. దిమ్మెకు కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలి, ఆ తర్వాతే బరువు పెట్టాలి.

గాలి సంగతి కూడా మరవొద్దు. ఆషాఢంలో మా వైపు గాలి ఎలా ఉంటుందో రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తే తెలుస్తుంది. పట్టీల వెడల్పు ముఖం ఆ గాలికి ఎదురుగా కాకుండా, అంచు ఎదురుగా ఉండేలా చట్రాన్ని తిప్పి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

## 2. రాళ్ళు: ఏవి తీసుకోవాలి, ఎలా పరీక్షించాలి

నాపబండ. తాడిపత్రి, బేతంచర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల దొరికే సున్నపురాయి బండ. నల్లటిదాన్ని దేశమంతా కడప బండ అనే పిలుస్తారు. ఇది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. బలమైనా బలహీనతైనా అదే. పొర వెంట సుళువుగా చీలుతుంది. అందుకే అంచులోకి, పొరల మధ్యకు బోల్టు దింపొద్దు. రంధ్రం ఎప్పుడూ వెడల్పు ముఖం మీద, పొరలకు అడ్డంగా.

ముగ్గురాయి. ఓబులవారిపల్లె మండలం మంగంపేట గనుల రాయి. చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయే. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. మామూలు రాయి అదే పరిమాణం నీళ్ళకన్నా సుమారు 2.7 రెట్లు బరువుంటే, ఇది 4 రెట్లు దాటుతుంది. చమురు బావుల్లో డ్రిల్లింగ్ బురదకు బరువు కోసం దీన్ని కలిపేది అందుకే. మనమూ అందుకే వాడతాం. ఇది మెత్తటి రాయి, దెబ్బకు చితుకుతుంది. కాబట్టి దీన్ని వేలాడదీయొద్దు, కింద పేర్చండి.

పలుగురాయి, జాజు. పలుగురాయి తెలుపు కోసం, జాజు ఎరుపు కోసం. రెండూ ట్రేలో పైపొర మాత్రమే.

బలపం రాయి. గుర్తులు పెట్టుకోవడానికి ఒక ముక్క జేబులో ఉంచుకోండి. నల్ల బండ మీదా, ఇనుము మీదా తెల్లగా పడుతుంది, వెల్డింగ్ వేడికి కూడా చెరగదు.

పట్టీలు ఏరేటప్పుడు మూడు పరీక్షలు చేయండి:

- రెండు తాటి తాళ్ళు నేల మీద అడ్డంగా పెట్టి, పట్టీని వాటిపై ఆనించి, మధ్యలో కర్రతో తట్టండి. ఖంగుమంటే మంచిది. దబ్ మంటే లోపల బీట ఉంది, పక్కన పడేయండి.
- నీళ్ళు చల్లి తుడవండి. బీట ఉన్న చోట తడి గీతలా నిలిచిపోతుంది, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది.
- ఒక మూల నిమ్మరసం చుక్క వేయండి. సన్నగా నురగ వస్తే సున్నపురాయే. నురగ వచ్చే రాయి దగ్గరికి ఇక ఏ ఆసిడ్ సీసానూ రానివ్వొద్దు.

18 కావాలంటే 24 తెచ్చుకోండి. రంధ్రాలు వేసేటప్పుడు రెండు మూడు పోతాయి. నాకు ఒకసారి ఐదు పోయాయి.

### ఏ రాయి ముట్టుకోకూడదు

పులివెందుల వైపు ఆకుపచ్చ రాళ్ళలో పట్టుదారాల్లా మెరిసే పోగులు కనిపిస్తాయి. ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. అది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. కోసినా గీకినా దాని పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కూడా క్యాన్సర్ రావచ్చు. తుమ్మలపల్లె యురేనియం గని పరిసరాల రాళ్ళు కూడా వద్దు.

## 3. పాత ఇనుము: స్క్రాప్ కొట్లో ఏమి వెతకాలి

మన అనంతపురం, కర్నూలు, కడప వైపు తుక్కుకు మూడు పెద్ద వనరులున్నాయి: బండల ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఎండిపోయిన బోర్లు.

అరిగిన రంపపు చక్రాలు. బండలు కోసే గుండ్రటి బ్లేడ్లు. అంచు పళ్ళు అరిగిపోయాక పారేస్తారు. మధ్యలో పట్టుకుని తడితే గుడి గంటకు తమ్ముడిలా మోగుతాయి. చట్రం పైభాగంలో ఒకటి రెండు బిగిస్తే బాగుంటుంది. అంచులను గ్రైండర్‌తో మొద్దు చేయకుండా మాత్రం బిగించొద్దు.

బాల్‌మిల్లు గుండ్లు. సిమెంటు మిల్లుల్లో క్లింకర్‌ను పొడి చేసే ఉక్కు గుండ్లు. 90 మి.మీ. గుండు ఒక్కటే సుమారు 3 కిలోలు. ట్రేలో బరువుకు ముగ్గురాయితో పోటీ పడతాయి. వీటికి రంధ్రం వేయాలని చూడొద్దు, డ్రిల్ బిట్ పోతుంది గానీ గుండుకు గీత కూడా పడదు.

క్రషర్ దవడలు. కంకర మిషన్‌లో రాయిని నలిపే పలకలు. ముడతలు ముడతలుగా చూడముచ్చటగా ఉంటాయి. మొదటిసారి అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే "స్టెయిన్‌లెస్ దొరికింది" అని మురిసిపోయాను. కాదు, అది మాంగనీస్ ఉక్కు. కొట్టేకొద్దీ, తొలిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. మామూలు రాడ్‌తో వెల్డ్ చేస్తే అతుకు పగులుతుంది. వాడాలనుకుంటే ఉన్నదున్నట్టు ట్రేలో నిలబెట్టండి.

బోరు కేసింగు పైపులు. వీటికి తరచూ జింక్ పూత ఉంటుంది. పూత గీకకుండా వెల్డ్ చేస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం తగులుకుంటుంది. అతికే చోట రెండంగుళాల మేర పూత గ్రైండ్ చేసి, ఆరుబయట, గాలికి ఎగువన నిలబడి పని చేయండి.

కన్వేయర్ బెల్టు ముక్కలు. ఎవరూ పట్టించుకోరు గానీ ఈ పనిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఇదే. రాయికీ ఇనుముకూ మధ్య ఎక్కడ తాకుడున్నా ఈ రబ్బరు ముక్క ఉండాలి.

### కొట్టువాడు ఊరికే ఇచ్చినా తేకూడనివి

- పాత సిమెంటు రేకులు, పాత బ్రేకు లైనర్లు. వీటిలోనూ రాతినార ఉండొచ్చు.
- మూత బిగిసిన డ్రమ్ములు, సిలిండర్లు. లోపల ఏముందో తెలియకుండా కట్టర్ పెడితే పేలతాయి.
- బ్యాటరీలు, ట్రాన్స్‌ఫార్మర్ భాగాలు, ట్యూబులైట్లు.
- రైలు పట్టా ముక్కలు, పట్టాల క్లిప్పులు. గుంతకల్లు, గుత్తి దగ్గర ఇవి కనబడుతూనే ఉంటాయి. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం.

## 4. బిల్లులు

పొట్టి విషయమే గానీ దాటవేయొద్దు. గని లీజు ఉన్న నేలలో రాయి ఏరుకోవడం కుదరదు, అడిగి కొనండి. రాయికి, తుక్కుకు రెండింటికీ బిల్లు రాయించుకుని బండిలో పెట్టుకోండి. సిమెంటు గుండ్ల లాంటివి బిల్లు లేకుండా దొరికితే ఎక్కడి నుంచి వచ్చాయో మీరు చెప్పుకోవాల్సి వస్తుంది.

## 5. బరువు లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. ఒక చదరపు అడుగు, ఒక అంగుళం మందం నాపబండ సుమారు 6.2 కిలోలు. ఈ ఒక్క అంకె కంఠతా ఉంటే చాలు.

మన పట్టీ 3 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు, అంగుళం మందం. అంటే సరిగ్గా ఒక చదరపు అడుగు. 18 పట్టీలు సుమారు 112 కిలోలు. చట్రానికి రెండంగుళాల ఇనుప పైపు సుమారు 17 మీటర్లు పడుతుంది, మీటరుకు 5 కిలోల పైచిలుకు, కాబట్టి 90 కిలోల దాకా. ట్రే అడుగు రేకు 3 మి.మీ. మందం అయితే ఇంకో 40. మొత్తం సుమారు 240 కిలోలు.

ఇంత బరువు ఎక్కడికి పడిపోతుందిలే అనిపిస్తుంది. ఇప్పుడు గాలి లెక్క చూడండి.

గాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కి.మీ.తో ఎదురుగా కొడితే చదరపు మీటరుకు సుమారు 55 కిలోల తోపు. మన పట్టీలు, పైపులు కలిపితే 2 చదరపు మీటర్ల పైనే. మొత్తం తోపు 130 కిలోలు అనుకుందాం. అది పట్టీల మధ్యన, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో పనిచేస్తుంది. ట్రే ముందు నుంచి వెనక్కి మూడున్నర అడుగులు, బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి అందులో సగం 1.75.

130 × 4.5 ÷ 1.75 = 334 కిలోలు.

అంటే మొత్తం బరువు 334 కిలోలు ఉంటే సరిగ్గా పడిపోయే అంచున నిలబడుతుంది. ఒకటిన్నర రెట్లు భద్రత చూసుకుంటే 500 కావాలి. మన దగ్గర ఉన్నది 240.

ఇక్కడ ముగ్గురాయి అక్కరకొస్తుంది. 5 అడుగులు × మూడున్నర అడుగుల ట్రేలో 3 అంగుళాల మందాన ముగ్గురాయి ముక్కలు నింపితే, మధ్య ఖాళీలు పోను, సుమారు 320 కిలోలు. మొత్తం 560. అదే నాపరాయి ముక్కలైతే అంత బరువుకు 5 అంగుళాల లోతు ట్రే కావాలి, చూపుకు తొట్టిలా ఉంటుంది. నేను మంగంపేట రాయికి బండి కిరాయి పెట్టేది ఈ రెండంగుళాల కోసమే.

ఎత్తు 7 అడుగులు దాటినా, జనం గుమికూడే చోటైనా ఈ లెక్కను ఒక సివిల్ ఇంజనీర్‌కు చూపించి, చట్రాన్ని దిమ్మెకు యాంకర్ బోల్టులతో కూడా బిగించండి.

## 6. పట్టీలు కోయడం, రంధ్రాలు వేయడం

ఉన్న సమయంలో సగం ఈ దశకే ఇవ్వండి.

ముందు కోత, తర్వాత స్వరం, ఆ తర్వాత రంధ్రం. ఈ మూడింటి వరుస మార్చొద్దు. ఎందుకో చెబుతాను.

బద్దలా పొడవుగా ఉన్న ఏ వస్తువును తట్టినా అది మధ్యలో, రెండు కొనల్లో ఊగుతుంది. మధ్యకూ కొనకూ నడుమ ఊగని చోటు ఒకటి ఉంటుంది. అది ప్రతి కొన నుంచి మొత్తం పొడవులో 22 శాతం దూరంలో. 3 అడుగుల పట్టీకి కొన నుంచి 20 సెంటీమీటర్లు. రంధ్రం అక్కడ పడితే తాడు పట్టుకున్నా మోత ఆగదు. కొనలో పడితే మోత చచ్చిపోతుంది.

నా మొదటి పనిలో రంధ్రాలన్నీ పై అంచుకు అంగుళం కింద వేశాను. మోత సరిగా రాలేదు. పైగా రెండు నెలలు గడిచేసరికి నాలుగు పట్టీలు రంధ్రం నుంచి అంచు దాకా చీలాయి. 20 సెంటీమీటర్ల దగ్గర వేస్తే ఈ రెండు తప్పులూ ఒకేసారి తప్పుతాయి.

స్వరాలు తేడాగా కావాలంటే పొడవు మార్చండి, వెడల్పు మార్చితే లాభం లేదు. పొడవు పదో వంతు తగ్గిస్తే కంపనాల వేగం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. 3 అడుగుల నుంచి 2 అడుగుల దాకా మెట్లు మెట్లుగా కోసుకుంటే వరుస చూడ్డానికీ బాగుంటుంది. కోసిన ప్రతిసారీ తాళ్ళ మీద పెట్టి తట్టి చూడండి. సరిపోయాక కొత్త పొడవుకు 22 శాతం కొలిచి బలపంతో గుర్తు పెట్టండి.

కోసేటప్పుడు:

1. నీళ్ళు ధారగా పడుతూ ఉండాలి. పొడి కోత వద్దే వద్దు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, పలుగురాయి అయితే మరీను. మూతికి తువ్వాలు చుట్టుకుంటే ఆ సన్నదుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.
2. కరెంటు మెషిన్, నీళ్ళు ఒకేచోట ఉంటాయి కాబట్టి లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును కట్ చేసే స్విచ్) ఉండి తీరాలి. రబ్బరు చెప్పులు, పొడి చేతులు.
3. ఒకేసారి పూర్తి లోతు కోయొద్దు. మొదట గీత, తర్వాత సగం, తర్వాత పూర్తి.

రంధ్రం వేసేటప్పుడు:

1. 10 మి.మీ. డైమండ్ కోర్ బిట్. డ్రిల్ మెషిన్‌లో హ్యామర్ మీట ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూడండి. హ్యామర్‌తో కొడితే వెనకవైపు పొర పెచ్చులా ఊడుతుంది.
2. గుర్తు చుట్టూ తడిమట్టితో చిన్న గట్టు కట్టి అందులో నీళ్ళు పోయండి.
3. పట్టీ కింద చదునైన చెక్క పెట్టండి. గాల్లో వేలాడే పట్టీకి రంధ్రం వేయొద్దు.
4. సగం దాకా ఒకవైపు నుంచి, మిగతా సగం రెండోవైపు నుంచి.
5. రంధ్రం అంచుల పదును గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి. తాడు తెగేది ఆ పదునుకే.

పూర్తయిన ప్రతి పట్టీనీ మళ్ళీ తట్టండి. రంధ్రానికి ముందు ఖంగుమని ఇప్పుడు దబ్ మంటే బీట పడింది. బంకతో అతికించి వేలాడదీయడానికి ప్రయత్నించొద్దు, అలాంటివి ట్రేలోకి పోతాయి.

## 7. చట్రం

వెల్డింగ్ అంతా రాయి దగ్గరికి రాకముందే అయిపోవాలి. నిప్పురవ్వ పాలిష్ బండ మీద పడితే ఆ మచ్చ పోదు.

కింద ట్రేకు అతికిన నాలుగు నిలువు పైపులు, పైన పెట్టెలా నాలుగు అడ్డ పైపులు. రెండు వరుసల మధ్య అడుగు దూరం. పైన అడ్డ పైపులకు పట్టీకో కొక్కెం కాకుండా మూసిన రింగు వెల్డ్ చేయండి. కొక్కెంలో నుంచి గాలికి తాడు ఎగిరి బయటికి వస్తుంది, రింగులో నుంచి రాదు. మూలమట్టం పెట్టి మూలలు చూశాక, ముందు చుక్కలు చుక్కలుగా అతికి, మళ్ళీ కొలిచి, అప్పుడు పూర్తి వెల్డ్.

ట్రే అడుగున 10 మి.మీ. రంధ్రాలు పది పన్నెండు పెట్టండి. లేకపోతే మొదటి వానకే అది కుంట అవుతుంది, దోమలు గుడ్లు పెడతాయి.

పైపు చివర్లు మూసేయండి. తెరిచి ఉంటే లోపల నీరు చేరి, బయటికి కనబడకుండా తుప్పు తింటుంది. కందిరీగలు కూడా గూడు కడతాయి, ఇది అనుభవం.

తుప్పు గీకి, తుడిచి, ప్రైమర్ రెండు పూతలు. ఆ పాతతనమే అందం అనుకుంటే తుప్పును ఉంచొచ్చు. అప్పుడు తుప్పు నీరు కారి పట్టీల మీద పడని కొలతల్లో వేలాడదీయాలి, ఎందుకంటే సున్నపురాయి మీద తుప్పు మరక లోపలికి ఇంకుతుంది.

## 8. బిగించే ముందు నేల మీద ఒకసారి

చట్రాన్ని పడుకోబెట్టి పట్టీలను వాటి చోట్లలో పేర్చండి. వెనకవైపు బలపంతో నంబర్లు వేయండి: ము-1, ము-2, వె-1, వె-2. ఫోటో తీసుకోండి. పైన నిలబడి "ఇది ఎక్కడిది?" అని అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

ఈ దశలో కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. పొద్దున చూస్తే రెండు పట్టీలైనా చోటు మారతాయి.

## 9. నిలబెట్టడం, వేలాడదీయడం

మొదట ట్రే నింపండి. చట్రం నిలబెట్టి, లెవెల్ చూసి, వెంటనే ముగ్గురాయి మొత్తం వేయాలి. తర్వాతే పట్టీలు. పైబరువు ముందు ఎక్కిస్తే చిన్న తోపుకే ఒరుగుతుంది.

ముగ్గురాయి బస్తాలు 25 కిలోలకు మించకుండా కట్టించుకోండి. తిరునాళ్ళలో బండలాగే ఎద్దుల్లా పని చేయాల్సిన అవసరం లేదు.

ఒక్కో పట్టీకి 3 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు తాడు. రంధ్రంలోకి సన్న రబ్బరు గొట్టం తొడిగి, అందులోంచి తాడు పోనిచ్చి, ముందొకటి వెనకొకటిగా పైకి తెచ్చి, రింగులో కలపండి. పట్టీ పై అంచును తాడు తాకే చోట కూడా గొట్టం ఉండాలి.

తాడు కొనకు యూ క్లాంపులు మూడు. యూ ఆకారపు కడ్డీ పొట్టి కొన వైపు, వెడల్పు గాడి బరువు మోసే పొడవాటి తాడు వైపు ఉండాలి. నేను ఒకసారి తిప్పి బిగించాను. కడ్డీ బరువు మోసే తాడును నొక్కి నొక్కి పోగులు తెంచింది, ఒక రాత్రి పట్టీ పడిపోయింది. పొద్దుటిపూట అయితే పిల్లలు ఆడుకునే చోటది. బిగించిన మర్నాడు నట్లను మళ్ళీ ఒకసారి బిగించండి, బరువు పడ్డాక తాడు కొంచెం సన్నబడుతుంది.

రెండు వరుసల మధ్య, పట్టీల కింది కొన నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో, కన్వేయర్ బెల్టు పట్టీ ఒకటి అడ్డంగా బిగించండి. పెద్దగాలికి వెనక్కి ఊగిన బండ బండను కాకుండా రబ్బరును తాకుతుంది. ఊగని చోటు కనుక మోత కూడా పెద్దగా తగ్గదు.

కొట్టే కర్ర తుమ్మదో చింతదో పెట్టండి. ఇనుప రాడ్ పెడితే వారంలో అంచులు లేచిపోతాయి.

ఎండాకాలం ఈ పనంతా పొద్దున 10 గంటలకల్లా ముగించండి. ఎపాక్సీతో ఏదైనా అతికించాల్సి ఉంటే సాయంత్రం బండ చల్లారాక. వేడి బండ మీద బంక కలిపిన చేతిలోనే గట్టిపడుతుంది.

## 10. రంగు

ఎనామిల్ డబ్బా తెరవొద్దు. జాజు ఐరన్ ఆక్సైడ్, ఎండకు వెలవదు. పసుపుపచ్చ మన్ను దొరికితే ఆరుబయట ఇనుప పెనం మీద వేయించి చూడండి. లోపలి నీరు పోయి ఎర్రబడుతుంది. ఎంతసేపు ఉంచితే అంత ఎరుపు. ఒకే మన్నుతో పసుపు నుంచి ఇటుక రంగు దాకా నాలుగు ఛాయలు వస్తాయి. వాటిని ట్రేలో పలుగురాళ్ళ మధ్య గీతలుగా పోయాలంటే పిడికెడు తడిసున్నం కలిపి పోయండి, లేకపోతే మొదటి గాలికే లేచిపోతుంది.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు

నల్ల బండ తెల్లగా మసకబారింది. ఎవరో సిమెంటు మరకకని ఆసిడ్ వాడి ఉంటారు. నేనూ ఒకసారి ఆ తప్పు చేశాను. పాలిష్ తినేసింది, దాన్ని మళ్ళీ రుద్దించడం తప్ప దారి లేదు. మామూలుగా మసకబారితే నీళ్ళతో కడిగి, ఆరాక రాతి సీలర్ పల్చగా పూయండి. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు నిగనిగలాడి, మూడోరోజు ఊరి దుమ్మంతా పట్టుకుంటుంది.

ఒక పట్టీ మోగడం లేదు. తాడు గొట్టం పక్కకు జరిగి రాయిని గట్టిగా పట్టుకుందేమో చూడండి. కాకపోతే బీట. దించేయండి.

చట్రం ఊగుతోంది. ట్రే నాలుగు మూలలా నేలకు ఆనడం లేదు. కింద రేకు ముక్కలు కుక్కొద్దు, బెల్టు రబ్బరు ముక్కలు పెట్టండి.

అల్యూమినియం ముక్క బిగించిన చోట తెల్లపొడి. రెండు వేరు లోహాలు తడిలో తాకితే ఒకటి తినేయబడుతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయండి.

ట్రేలో రాళ్ళు తగ్గిపోతున్నాయి. పలుగురాళ్ళు పిల్లలు తీసుకెళ్తారు. అది మామూలే. ముగ్గురాయి తగ్గితే మాత్రం ఊరుకోవద్దు, బరువు లెక్క మారిపోతుంది. పైన కోళ్ళ గూళ్ళకు వాడే జాలీ బిగించి, దాని మీద పలుగురాళ్ళు పోయండి.

## 12. జనం రాకముందు చూసుకునే జాబితా

- ఇద్దరు మనుషులు భుజం ఎత్తులో తోశారా? ట్రే అంచు లేవలేదా?
- ప్రతి తాడుకూ మూడు క్లాంపులు, గాడి సరైన వైపు.
- చేయి తగిలే ఎత్తులో పదునైన అంచు లేదు.
- ట్రే రంధ్రాల్లో నుంచి నీరు పోతోంది (ఒక బిందె పోసి చూడండి).
- పట్టీల కింద నిలబడి ఫోటోలు తీసుకునే వీలు లేదు.
- మిగిలిన పట్టీలు, ఒక తాడు చుట్ట, రెండు స్పానర్లు ఒక పెట్టెలో, ఆ పెట్టె ఎక్కడుందో ఆ చోటు చూసుకునేవాళ్ళకు తెలుసు.

నెలకోసారి నట్లు, తాళ్ళు చూడండి. పెద్దగాలి వస్తుందని తెలిస్తే 18 పట్టీల కింది కొనలనూ ఒకే తాడుతో బెల్టుకు కట్టేయండి.

విప్పాల్సి వచ్చినప్పుడు నిలబెట్టిన వరుసకు ఎదురుగా రండి: ముందు పట్టీలు, ఒక్కో వరుస నుంచి ఒక్కొక్కటి, ఎడమొకటి కుడొకటి. ట్రేలో ముగ్గురాయి చివరన. పట్టీలను పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, గోడకు అంచు మీద నిలబెట్టి, మధ్యమధ్యలో బెల్టు ముక్కలు పెట్టి ఉంచండి.